కీచుమన్న కమాను

యాభై రెండేళ్ల వయసులో వయొలిన్ మొదలుపెట్టాను. మాది విజయనగరం, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు. కాబట్టి ఇరుగుపొరుగు నన్ను వింతగా చూడలేదు, చెవులు మాత్రం మూసుకున్నారు. తలుపుకి నూనె పెట్టించమని మా ఆవిడ సలహా. కీచుమన్నది తలుపు కాదు, నేనే!

రెండు నెలలు సరళీ వరసలు (మొదట నేర్పే స్వర పాఠాలు) పక్కనపెట్టి ఈ కీచు సంగతే చూశాను. మొదటి తప్పు రోజిన్‌ది. తీగల మీద లాగే కమాను వెంట్రుకలకు రుద్దే గుగ్గిలం బిళ్ల అది. కొత్త బిళ్ల గాజులా నున్నగా ఉంటుంది. ఎంత రుద్దినా కమాను వెంట్రుకలకు పొడి అంటదు. పొడి లేకపోతే వెంట్రుకలు తీగను పట్టలేక జారిపోతాయి. బిళ్ల పైన గరుకు కాగితంతో కాస్త గీరాక తెల్లటి పొడి రాలింది, తీగ పలికింది.

అయినా సగం కీచు మిగిలింది. మాష్టారు ఎదురుగా అద్దం పెట్టించారు. అప్పుడు తెలిసింది, కమాను చివరికి వచ్చేసరికి నా మోచేయి వెనక్కి పోయి కమాను ఏటవాలుగా తిరుగుతోంది. తీగల్ని ఎత్తిపట్టే చెక్క బ్రిడ్జికి సమాంతరంగా, బ్రిడ్జికీ వేళ్లు పెట్టే పలకకీ నడుమ కమాను నడవాలి. రోజూ పది నిమిషాలు ఎడమచేతి వేళ్లు పెట్టకుండా ఉత్త స, ప తీగలే, ఒక్కో లాగుకు ఎనిమిది అక్షరాలు లెక్కపెట్టుకుంటూ. విసుగే. మూడో వారానికి బిగబట్టిన భుజం వదులై కిందికి దిగింది, కీచు తగ్గింది.

వాయించడం అయ్యాక కమాను మర వదులు చేయడం మాత్రం ఇప్పటికీ మర్చిపోతుంటాను. మాయామాళవగౌళ రాగంలో రిషభం (రి స్వరం) ఇంకా కుదరలేదు. మా ఆవిడ తలుపు మాట ఎత్తడం లేదు.