అమెరికా కాలేజీ సీటులో జాతి వివక్ష: ఫిర్యాదుకు ముందు జాగ్రత్తలు

ముందు గడువు చూసుకోండి. ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల ఆఫీసుకి మామూలుగా 180 రోజుల్లోపే ఫిర్యాదు చేయాలి. ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు.

కాలేజీ దరఖాస్తు పోర్టల్ మూసేయకముందే తిరస్కరణ లేఖను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఇంటర్వ్యూలో “మీవాళ్లందరూ ఇంతేనా?” లాంటి మాట వస్తే ఆ రాత్రే ఉన్నదున్నట్టు రాసిపెట్టండి. నెల తర్వాత గుర్తుండదు.

మంచి మార్కులకీ సీటు రాలేదంటే అదొక్కటే రుజువు కాదు. కోపం తగ్గాకే ఫిర్యాదు రాయండి.

ఫెడరల్ నిధులు తీసుకుంటే ప్రైవేటు కాలేజీకైనా 1964 పౌరహక్కుల చట్టం వర్తిస్తుంది. సీట్ల ఎంపికలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదన్న 2023 సుప్రీంకోర్టు హార్వర్డ్ తీర్పు తర్వాత కూడా, జాతి వల్ల ఎదురైన అనుభవాన్ని దరఖాస్తు వ్యాసంలో రాసుకోవచ్చు.

కోర్టుకైతే లాయర్‌ని త్వరగా కలవండి, అక్కడి గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.