కర్నూలులో మూడు రోజులకు ఇల్లు తీసుకుంటున్నారా? ముందు ఏ రోడ్డో తేల్చుకోండి

కర్నూలుకు కుటుంబంతో వచ్చేవాళ్లు చాలామంది ముందు ఇంటి ఫోటోలు చూస్తారు, తర్వాత రేటు చూస్తారు, అడ్వాన్స్ కట్టేశాక ఎప్పుడో తీరిగ్గా మ్యాప్ తెరుస్తారు. నన్నడిగితే ముందు మ్యాపే తెరవమంటాను. ఈ ఊరి నుంచి చూడాల్సినవన్నీ తలో దిక్కున ఉన్నాయి. ఓర్వకల్లు రాతివనం, బేలం గుహలు, యాగంటి, మహానంది నంద్యాల రోడ్డు వైపు. మంత్రాలయం ఎమ్మిగనూరు మీదుగా, అంటే బళ్లారి చౌరస్తా వైపు నుంచి వెళ్లాలి. అలంపురం హైదరాబాద్ రోడ్డులో తుంగభద్ర దాటాక వస్తుంది, శ్రీశైలానికి నందికొట్కూరు రోడ్డు పట్టాలి. రెండు రోజులు బేలం, యాగంటి వైపే తిరిగేవాళ్లు బళ్లారి చౌరస్తా అవతల ఇల్లు తీసుకుంటే పొద్దునా సాయంత్రం ఊరంతా అడ్డంగా దాటాలి, అదీ సరిగ్గా స్కూలు బస్సులు, ఆఫీసులకు వెళ్లేవాళ్ల బండ్లు రోడ్డు మీదున్న టైంలో.

అందుకే ఏ రోజు ఎటు వెళ్తారో ముందు కాగితం మీద రాసుకోండి. ఎక్కువ రోజులు ఏ రోడ్డు పడితే ఆ వైపే ఇల్లు వెతకండి. నంద్యాల రోడ్డైతే సి క్యాంపు, వెంకటరమణ కాలనీ, నంద్యాల చెక్‌పోస్టు వైపు చూడండి. మంత్రాలయం వెళ్లడమే ముఖ్యమైతే, లేదా కారు లేకుండా ఆర్టీసీ బస్సుల మీదే తిరిగేలా ఉంటే, బస్టాండుకు దగ్గరగా బళ్లారి చౌరస్తా వైపు తీసుకోవడం మేలు.

ఇంకో మాట కూడా మొహమాటం లేకుండా చెప్తాను. మీరు చూడాలనుకున్నవి బేలం, యాగంటి, మహానంది, అహోబిలం మాత్రమే అయితే కర్నూలులో ఇల్లే వద్దు, నంద్యాలలో తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇవన్నీ ఆ జిల్లా కిందికే వెళ్లాయి, దూరాలు కూడా అక్కడి నుంచే కలిసొస్తాయి. శ్రీశైలం పోయి రాత్రికి తిరిగొచ్చేద్దాం అనుకునేవాళ్లు కూడా ఒకసారి ఆలోచించుకోవాలి. ఆ దారిలో దోర్నాల దగ్గర రాత్రిపూట అడవి చెక్‌పోస్టు గేట్లు మూసేస్తారు. దర్శనం ఆలస్యమైతే కర్నూలులో డబ్బు కట్టిన ఇల్లు ఖాళీగా ఉంటుంది, మీరు కొండ మీద గది కోసం తిరుగుతుంటారు.

అయితే కర్నూలును పడుకోవడానికి మాత్రమే వాడుకుని వెళ్లిపోకండి. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు ఇది, ఒక రోజు దీనికోసమే ఉంచండి. కొండారెడ్డి బురుజు, హంద్రీ నది ఒడ్డున గోల్ గుమ్మజ్ అనే పాత సమాధి, పొద్దున్నే వేడివేడి ఉగ్గాని బజ్జి, ఇవన్నీ నడుస్తూ చూస్తేనే బాగుంటుంది. దానికోసం పాతబస్తీలోనే ఇల్లు తీసుకుందామని కొందరు అనుకుంటారు. కారు లేనివాళ్లు నిక్షేపంగా తీసుకోవచ్చు. కారుతో వచ్చేవాళ్లు మాత్రం వద్దు, ఆ సందుల్లో బండి పెట్టే చోటు దొరక్క నానా అవస్థ పడతారు. ఎక్కడ తీసుకున్నా సరే, "పార్కింగ్ ఉంది" అన్న మాటను నమ్మి ఊరుకోవద్దు. గేటు లోపలా, రోడ్డు మీదా, ఇన్నోవా లాంటి పెద్ద బండి పడుతుందా అని విడమరిచి అడగండి.

ఇప్పుడు ఇంటి సంగతి. అన్నిటికంటే ముందు నీళ్లు. బేలం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవు ఉంటాయి, అందులో మనల్ని వెళ్లనిచ్చేది దాదాపు కిలోమీటరున్నర. ఆ లోపల ఉక్కకు మనిషి నిలువెల్లా తడిసిపోతాడు. అలా తిరిగొచ్చిన ఏడెనిమిది మంది సాయంత్రం ఒకరి తర్వాత ఒకరు స్నానానికి వెళ్తారు, నాలుగో మనిషి తల మీద సబ్బు నురగ ఉండగా కొళాయి ఆగిపోతుంది. ట్యాంకు ఖాళీ. సంపులో నీళ్లు ఉంటాయి, కానీ మోటారు స్విచ్ కింది పోర్షన్‌లో ఉంటుంది, దానికి తాళం వేసుకుని ఓనర్ ఎక్కడికో వెళ్లుంటాడు. అందుకే ఫోన్‌లో "నీళ్లు ఉంటాయా అన్నా?" అని అడిగితే చాలదు, ఆ మాటకు ఎవరైనా ఉంటాయనే అంటారు. "మోటారు స్విచ్ ఎక్కడుంది, మేము వేసుకోవచ్చా, ట్యాంకు ఎన్ని లీటర్లు, పైన మిగతా పోర్షన్లకు కూడా అదే ట్యాంకా?" ఇలా అడగండి. వీడియో కాల్‌లో బాత్రూం కొళాయి పూర్తిగా తిప్పి చూపించమనండి, ధార సన్నగా ఉందో గట్టిగా ఉందో కళ్లతోనే తెలిసిపోతుంది. బోరు నీళ్లయితే ఉప్పగా ఉండొచ్చు, తాగడానికి 20 లీటర్ల క్యాన్లు వాళ్లే పెడతారా, మనం తెప్పించుకోవాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

తర్వాత ఎండ. మార్చి నుంచి జూన్ మొదటివారం దాకా వచ్చేవాళ్లు పైఅంతస్తు జోలికి పోవద్దు. పగలంతా కాలిన స్లాబు రాత్రి పది దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది, ఏసీ పెట్టినా గది చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. ఈ వైపు చాలా ఇళ్లలో నేలకు బేతంచెర్ల బండలు వేస్తారు, కింది అంతస్తులో ఆ బండల మీద చాప వేసుకుని పడుకుంటే మధ్యాహ్నం కూడా హాయిగా నిద్రపడుతుంది. ఏసీ ఎన్ని గదుల్లో ఉందో, హాల్లో పడుకునేవాళ్ల పరిస్థితి ఏమిటో చూసుకోండి. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది అంటారు, దాని మీద ఏసీ నడవదు, ఏయే ఫ్యాన్లు తిరుగుతాయో అడగండి. తిరగడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, అప్పుడు గీజర్ పనిచేస్తుందో లేదో చూసుకుంటే సరిపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే మిగతావాళ్ల ఇష్టాలు పక్కన పెట్టి వాళ్ల మోకాళ్లను బట్టి ఇల్లు చూడండి. యాగంటిలోనో అహోబిలంలోనో మెట్లెక్కి దిగొచ్చిన నాయనమ్మ చేత మళ్లీ రెండంతస్తులు ఎక్కించడం పాపం. లిఫ్ట్ ఉందంటే కరెంటు పోయినప్పుడు కూడా నడుస్తుందా అని అడగండి. వాళ్లు పడుకునే గదిలోనే బాత్రూం ఉండాలి, అందులో వెస్ట్రన్ కమోడ్ ఉండాలి, గుమ్మం దగ్గర ఎత్తైన గట్టు ఉండకూడదు. ఇవేవీ ఓనర్లు పెట్టే ఫోటోల్లో కనిపించవు, సోఫాలూ కర్టెన్లూ మాత్రం నాలుగు వైపుల నుంచి కనిపిస్తాయి.

వంటిల్లు ఉంది అంటే ఏమేం ఉన్నాయో అడగాలి. సిలిండర్, కుక్కర్, మిక్సీ, పిల్లల పాలకు చిన్న గిన్నె ఉంటే చాలు. మాంసం వండుకోనివ్వని ఇళ్లు చాలానే ఉన్నాయి, అది వాళ్ల ఇష్టం, కాదనలేం, కానీ మనకు ముందే తెలియాలి.

చుట్టాల సంగతి కూడా ఉంది. ఈ ఊరికి వచ్చేవాళ్లకు ఇక్కడ ఎవరో ఒక బంధువు ఉండనే ఉంటారు. మీరొచ్చారని తెలిస్తే సాయంత్రం స్వీట్ బాక్సులు పట్టుకుని ఇంటిల్లిపాదీ దిగుతారు. బుక్ చేసుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ లోపలికి రాకూడదు, వస్తే తలకింత కట్టాలి అని నిబంధన పెట్టే ఓనర్లు ఉన్నారు. మా పెద్దమ్మవాళ్లకు ఇదే జరిగింది. చూడటానికి వచ్చిన అల్లుడిని వాచ్‌మన్ గేటు దగ్గర ఆపేసి ఓనర్‌కు ఫోన్ కలిపి ఇచ్చాడు, అల్లుడు ముఖం చిన్నబుచ్చుకుని అటు నుంచి అటే వెళ్లిపోయాడు. ఆవిడకు ఆ బాధ ఇంకా పోలేదు. "మా వాళ్లు ఓ గంట వచ్చి కూర్చుని పోతారు, ఇబ్బందేం లేదు కదా?" అని ముందే అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి.

రాత్రి నిద్ర పడుతుందో లేదో కూడా మ్యాప్‌లోనే తెలుస్తుంది. ఇంటి పక్కన ఫంక్షన్ హాల్ ఉంటే పెళ్లి ముహూర్తాల రోజుల్లో డీజే మోత తప్పదు, మీ తేదీలకు ముహూర్తం ఉందేమో పంచాంగం చూసుకోండి. వినాయక చవితికి వచ్చేవాళ్లు నిమజ్జనం రోజు కారు బయటికి తీయాలనుకోవద్దు. కేసీ కాలువ వినాయక ఘాట్ వైపు రోడ్లన్నీ జనంతో నిండిపోతాయి. ఆ సందడి చూడటానికే వచ్చేవాళ్లయితే ఘాట్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు చూసుకోండి, చూసి తీరాల్సిన పండగ అది.

డబ్బు దగ్గర మొహమాటపడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. రాత్రికి ఇంత అని చెప్పిన రేటులో కరెంటు కలిసిందా, ఏసీ వాడితే మీటర్ చూసి వేరేగా తీసుకుంటారా, మనిషి ఎక్కువైతే ఎంత, క్లీనింగ్ ఛార్జీ ఎంత, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, అన్నీ కలిపి ఒకే అంకె చెప్పమనండి. ఆ అంకెను రెండు లాడ్జి గదుల అద్దెతో పోల్చుకోండి. ఇద్దరే ఒక రాత్రికి వస్తుంటే ఇల్లు దండగ, బస్టాండు దగ్గర మంచి హోటల్ చాలు. ఆరుగురు దాటితేనే ఇల్లు గిట్టుబాటు అవుతుంది.

యాప్‌లో కాకుండా ఫోన్ నంబర్ పట్టుకుని నేరుగా మాట్లాడుకునేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త పడాలి. ఇంటి ఫోటోలను గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి, ఇంకో ఊరి ఇల్లు అయితే బయటపడుతుంది. మొత్తం ముందే పంపమంటే వద్దని చెప్పండి. "మీ అడ్వాన్స్ రిఫండ్ చేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అది పచ్చి మోసం, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆధార్ పంపాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో ముందు అడగండి.

కెమెరాల గురించి అడగడానికి సిగ్గుపడొద్దు, ముఖ్యంగా ఆడపిల్లలతో వచ్చేవాళ్లు. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. నేరుగా తీసుకునే ఇళ్లకు ఆ యాప్ నియమం వర్తించదు కాబట్టి గేటు దగ్గర తప్ప లోపల ఎక్కడా లేవని రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంటికి చేరాక సామాన్లు దించకముందే ఒకరు లోపలికి వెళ్లి కొళాయిలు, గీజర్, ఏసీలు, గ్యాస్, తలుపుల గడియలు చూసి రావాలి. పగిలిన టీపాయ్ అద్దం, గోడ మీద మరకలు, కరెంటు మీటర్ రీడింగ్ అన్నీ ఫోన్‌లో వీడియో తీసి అప్పుడే ఓనర్‌కు పంపండి. చెప్పినవి లేకపోతే ఆ నిమిషంలోనే అడగండి, ఒక రాత్రి పడుకున్నాక మీ మాటకు విలువ ఉండదు. ఎయిర్‌బీఎన్‌బీలో బుక్ చేసుకుంటే సమస్య కనిపించిన 72 గంటల్లోపు వాళ్లకు చెప్పాలి, కానీ అంతసేపు ఆగాల్సిన పనేముంది, కారు డిక్కీ తెరవకముందే ఫోటోలు పంపేయండి.