పంపు లేని బండిలో నీళ్లు మరిగితే

మిషిగన్‌లో నా దగ్గరున్న 1924 నాటి ఫోర్డ్ మోడల్ టీ కారు చిన్న ఎత్తు ఎక్కేసరికి రేడియేటర్ మూత దగ్గర ఆవిరి చిమ్మేది. ఇంజన్‌లో నీటిని తిప్పే వాటర్ పంపు తగిలించమని కొందరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. 1908లో తొలి బండ్లకు పంపు పెట్టిన ఫోర్డ్, దాన్ని త్వరలోనే తీసేసి 1927 దాకా పంపు లేకుండానే నడిపించింది. వేడెక్కిన నీరు తేలికై ఇంజన్ పైనుంచి రేడియేటర్‌లోకి చేరుతుంది. అక్కడ చల్లబడి, బరువెక్కి, కింది గొట్టం గుండా మళ్లీ ఇంజన్‌లోకి వస్తుంది. ఇంత చక్కటి ఏర్పాటు మొరాయించిందంటే దారిలో ఏదో అడ్డం పడినట్టే.

ఇంధనాన్ని అంటించే స్పార్క్ ఆలస్యంగా పడినా ఇంజన్ కాగిపోతుంది కాబట్టి ముందు ఆ వేళను సర్దే లీవర్ చూశాను. సరిగానే ఉంది. ఇంజన్ నడిపి రేడియేటర్‌ను తడిమితే పైభాగం చురుక్కుమంది, నడుమ కొన్నిచోట్ల మాత్రం చల్లగా తగిలింది. గుట్టు అక్కడే ఉంది. రేడియేటర్ విప్పి కింది నుంచి పైకి నీళ్లు తోస్తే తుప్పు రంగు బురద, సున్నపు పెచ్చులు బయటపడ్డాయి. తేట నీరు వచ్చేదాకా కడిగాను. కింది గొట్టంలో రబ్బరు పొర ఊడి నాలుకలా వేలాడుతోంది, దాన్నీ మార్చేశాను.

ఇప్పుడు ఎత్తు మీద కూడా ఆవిరి లేదు. నీటిమట్టం పై గొట్టం నోటికంటే దిగితే ప్రవాహం ఆగిపోతుంది. అందుకే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి చూసుకుని బయలుదేరుతున్నాను.