క్షార లోహ సెలినైడ్‌లు – 4వ పాఠం: తూకంలో దూరే కల్తీ

క్షార లోహ సెలినైడ్‌లంటే లిథియం, సోడియం, పొటాషియం లాంటి లోహాలు సెలీనియంతో కలిసి ఏర్పడే సమ్మేళనాలు. కిందటి పాఠంలో వాటి కోసం గ్లవ్ బాక్స్ (గాలి చొరబడకుండా మూసి, చేతి తొడుగులతో లోపల పని చేసే పెట్టె) సిద్ధం చేసుకున్నాం. లోపల ఆర్గాన్, నీటి ఆవిరి, ఆక్సిజన్ రెండూ 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) లోపు. లిథియం మామూలు ఉష్ణోగ్రతలోనే నైట్రోజన్‌తో కలిసిపోతుంది కాబట్టి దానికి నైట్రోజన్ బాక్సు పనికిరాదనీ చెప్పుకున్నాం. ఈసారి తూకం సంగతి. కాగితం, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి. లెక్క ఇంట్లో చేసుకోవచ్చు గానీ, ప్రయోగం మాత్రం ఫ్యూమ్ హుడ్, గ్యాస్ అలారం, పని తెలిసిన మనిషి పక్కన ఉన్న ల్యాబులోనే చేయాలి.

సోడియం సెలినైడ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. రెండు సోడియం పరమాణువులకు ఒక సెలీనియం. సోడియం పరమాణు భారం 22.990, సెలీనియంది 78.971. సోడియం 2.000 గ్రాములు తూచారనుకోండి. 22.990తో భాగిస్తే 0.08699 మోల్. అందులో సగం 0.04350 మోల్ సెలీనియం కావాలి, అంటే 3.435 గ్రాములు. ఇంతవరకు పదో తరగతి లెక్కే.

చిక్కంతా ఆ 2.000 గ్రాముల్లో ఉంది. నూనెలోంచి తీసిన సోడియం ముక్క మీద బూడిద రంగు పొర ఉంటుంది. బ్లేడుతో ఎంత గీసినా మూలల్లో కాస్త మిగులుతుంది. ఆ పొర బరువులో 2 శాతం అనుకుందాం. అప్పుడు అసలు లోహం 1.960 గ్రాములే. దానికి సరిపడే సెలీనియం 3.366 గ్రాములు. మీరు వేసింది 3.435. మిగిలిన 0.069 గ్రాములు ఊరికే కూర్చోదు. తయారైన సెలినైడ్‌తో కలిసి డైసెలినైడ్ (రెండు సోడియంలకు రెండు సెలీనియాలు ఉన్నది) అవుతుంది. మోల్స్‌లోకి మార్చి చూడండి: 0.00087 మోల్, అంటే మొత్తం సరుకులో దాదాపు 2 శాతం. పొర ఎంత శాతమో డైసెలినైడ్ కూడా సుమారు అంతే శాతం. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు.

ఇప్పుడు దీన్ని ఐసీపీ అనే, మూలకాలను కొలిచే పరికరానికి పంపారనుకోండి. అది సోడియం ఎంత, సెలీనియం ఎంత అని మాత్రమే చెబుతుంది. పొరలో ఉన్నదంతా సోడియం ఆక్సైడ్ అనుకుంటే, ఆ 0.040 గ్రాముల్లోనూ దాదాపు 0.030 గ్రాముల సోడియం ఉంది. పరికరం దాన్నీ లెక్కలో వేసేస్తుంది. మొత్తం 1.990 గ్రాముల సోడియం, 3.435 గ్రాముల సెలీనియం. పరమాణువుల సంఖ్యలో నిష్పత్తి 1.99, ఉండాల్సింది 2. ఐసీపీకి ఒకటి రెండు శాతం అటూఇటూ మామూలే కాబట్టి రిపోర్టు మీద "సరిగ్గా ఉంది" అని వస్తుంది. సీసాలో మాత్రం డైసెలినైడూ ఉంది, ఆక్సైడూ ఉంది. ఒక తప్పు మరో తప్పును కప్పేసింది.

సీసా మీద "99.99 శాతం, లోహాల ప్రాతిపదికన" అని రాసి ఉంటే దాన్ని ఎలా చదవాలో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇతర లోహాల కల్తీ మొత్తం 100 పీపీఎం దాటలేదని మాత్రమే దాని అర్థం. ఆక్సిజన్, కార్బన్, తేమ, పాలీసెలినైడ్ (రెండు లేదా అంతకన్నా ఎక్కువ సెలీనియాలు గొలుసుగా ఉన్నది, డైసెలినైడ్ లాంటిది) అందులో లెక్కకు రావు. క్షార లోహ సెలినైడ్‌ల విషయంలో అసలు శత్రువులు ఇవే. అందుకే ఆ అంకె చూసి డబ్బు ఖర్చు పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

మరి దేన్ని నమ్మాలి? కంటిని. శుద్ధమైన సోడియం సెలినైడ్‌కు రంగు లేదు, పొడి తెల్లగా ఉంటుంది. గులాబీ ఛాయ, ఎరుపు, గోధుమ కనిపిస్తే పాలీసెలినైడో, గాలి తగిలి విడిపోయిన సెలీనియమో ఉన్నట్టే. గాలి పూర్తిగా తీసేసిన నీటిలో చిటికెడు కరిగిస్తే ఇంకా బాగా తెలుస్తుంది: పొడిలో కనబడని ఛాయ ద్రావణంలో బయటపడుతుంది. ఈ పరీక్షలో ఆమ్లం దరిదాపుల్లోకి రాకూడదు. ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సెలినైడ్ వాయువు వస్తుంది. పని ప్రదేశాల్లో దాని పరిమితి 0.05 పీపీఎం. ఆ వాసనకు ముక్కు త్వరగా మొద్దుబారుతుంది కాబట్టి వాసన పోయింది కదా అని ధీమా పడకండి.

సోడియాన్ని ద్రవ అమ్మోనియాలో కరిగించి సెలినైడ్ చేసేవాళ్లకు ఈ రంగే దారి చూపుతుంది. సోడియం కరగ్గానే ముదురు నీలం. సెలీనియం కొద్దికొద్దిగా వేస్తుంటే నీలం పలచబడి, చివరికి పోయి, తెల్లటి అవక్షేపం మిగలాలి. అదే ఆపాల్సిన చోటు. దాటితే రంగు మళ్లీ వస్తుంది, ఈసారి పాలీసెలినైడ్‌ది. అందుకే లెక్కలో వచ్చిన 3.435 గ్రాములూ ఒకేసారి వేయకుండా, చివరి రెండు మూడు శాతం పక్కన ఉంచి, నీలం చూస్తూ వేయండి. పొర పెట్టిన తప్పు అక్కడే దిద్దుకుపోతుంది. ఒక్క మెలిక ఉంది: పాత్రలో తుప్పు రేణువు పడితే ఇనుము ఉత్ప్రేరకంగా పనిచేసి, సోడియం అమ్మోనియాతోనే కలిసి సోడమైడ్ అవుతుంది. అప్పుడూ నీలం పోతుంది, సెలీనియం చాలకపోయినా. స్టీలు గరిటెలు దూరంగా పెట్టమనేది ఇందుకే.

అమ్మోనియా లేకుండా రెండు మూలకాలనూ నేరుగా వేడి చేయొచ్చు కదా అంటే, చర్య ఉధృతంగా ఉంటుంది. పైగా వేడి క్షార లోహం క్వార్ట్జ్ గొట్టాన్ని తినేసి సిలికాన్‌నూ ఆక్సిజన్‌నూ లోపలికి తెస్తుంది. సెలీనియం పొడిగా కన్నా గుళికలుగా తీసుకోండి, ఉపరితలం తక్కువ, ఆక్సైడూ తక్కువ.

ఎంత శుద్ధి కావాలన్నది పనిని బట్టి. 1987లో మొదలైన రియాక్టివ్ ఫ్లక్స్ పద్ధతిలో కరిగించిన పాలీసెలినైడ్‌నే ద్రావణిగా వాడి కొత్త స్ఫటికాలు పెంచుతారు. అక్కడ డైసెలినైడ్ ఉంటే బాధ లేదు, ఆక్సిజన్ ఉంటేనే బాధ. సేంద్రియ రసాయన శాస్త్రంలో రెండు కార్బన్ల మధ్య ఒకే సెలీనియం పెట్టాలనుకునేవాళ్లకు మాత్రం ఆ 2 శాతం డైసెలినైడే తలనొప్పి. రెండు సెలీనియాలు ఉన్న అణువులు కూడా దిగుతాయి, వాటిని వేరు చేయడం కష్టం.

అభ్యాసం: పొటాషియం (39.098) 1.500 గ్రాములు తూచారు. సెలీనియం ఎంత కావాలి? జవాబు 1.515 గ్రాములు రావాలి. ఇప్పుడు పొర 3 శాతం అనుకుని మిగిలిపోయే సెలీనియాన్నీ, డైసెలినైడ్ శాతాన్నీ మీరే లెక్కగట్టండి. తర్వాత పొర మొత్తం పొటాషియం ఆక్సైడ్ అనుకుని ఐసీపీ ఏ నిష్పత్తి చూపిస్తుందో రాయండి. ఆ జవాబుతోనే 5వ పాఠంలో ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కి (స్ఫటికంలో పరమాణువుల అమరికను ఎక్స్‌రేలతో తెలుసుకునే పద్ధతికి) వెళ్దాం: నమూనాను గాలి తగలకుండా ఎలా మూయాలి, సోడియం సెలినైడ్‌కు సుమారు 6.8 ఆంగ్‌స్ట్రాములు, పొటాషియం సెలినైడ్‌కు 7.7 అనే స్ఫటికపు యూనిట్ సెల్ (పదే పదే వచ్చే చిన్న పెట్టె) అంచు కొలతలు ఎలా రాబట్టాలి, స్ఫటికంగా లేని సెలీనియం ఆ గీతల్లో ఎందుకు దొరకదు అనేవి.