దీపావళికి పిల్లలచేత ఏం కాల్పించాలి?

చప్పుడు చెయ్యదు కదా అని చంటిపిల్లల చేతికి పాముబిళ్లలు ఇస్తుంటారు. దయచేసి మానేయండి. 2016లో పుణెలో ఆరు రకాల టపాకాయల పొగను కొలిస్తే, సన్నటి ధూళి కణాలు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చింది ఈ చిన్న బిళ్ల నుంచే. పైగా పిల్లలు నల్లపాము సాగడం చూద్దామని దాని మీదికే వంగుతారు, ఆ పొగంతా ముక్కులోకి పోతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంట్లో అసలు కొనకండి.

ఆ ఆరింటిలో తక్కువ పొగ చిచ్చుబుడ్డిది. భూచక్రం, కాకరపువ్వొత్తి ఆ తర్వాతే. కాబట్టి చూడముచ్చటగా ఉండాలంటే నా ఓటు చిచ్చుబుడ్డికే. మూతి కాగితం చింపి, చదునైన నేల మీద పెట్టి, పొడవాటి కాకరపువ్వొత్తితో పక్కనుంచి అంటించి వెనక్కి వచ్చేయాలి. అంటుకోకపోతే వంగి చూడొద్దు, ఊదొద్దు. కాసేపాగి బకెట్టెడు నీళ్లు పోసేయండి.

కాకరపువ్వొత్తి ఆరిపోయాక కూడా ఆ తీగ చాలాసేపు కాలుతూనే ఉంటుంది. నేల మీద పారేస్తే చీకట్లో కనబడదు, వట్టి కాళ్లతో పరిగెత్తే పిల్లలు తొక్కేస్తారు. పక్కనే నీళ్ల బకెట్టు పెట్టి, కాలిన ప్రతి తీగా అందులోనే వేయించండి. సిల్కు, నైలాన్ బట్టలు వద్దు, నూలువే వేయండి.

తారాజువ్వలు మాత్రం పెద్దవాళ్లే, మైదానంలోనే.