ఇంటి బీరులో తేడా వస్తే: తప్పు ఈస్ట్‌దా, బేస్ మాల్ట్‌దా?

బీరు కుదరకపోతే అందరూ ముందు ఈస్ట్‌ను (చక్కెరను తిని ఆల్కహాల్‌గా మార్చేది) అనుమానిస్తారు, ఆ తరువాత హాప్స్‌ను (చేదునూ వాసననూ ఇచ్చే పూలు). మాష్‌లో (వేడి నీళ్లలో నానబెట్టిన మాల్ట్ పొడిలో) 80–90 శాతం ఉండే బేస్ మాల్ట్, అంటే ముఖ్యమైన మాల్ట్ జోలికి మాత్రం ఎవరూ పోరు. అన్నం ముద్దయితే పొయ్యిని తిట్టుకుంటూ, వండినవి కొత్త బియ్యమని మరచిపోవడం లాంటిదే ఇది.

రాగి మాల్ట్ తాగిన వాళ్లకు మాల్ట్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మొలకెత్తిన గింజలో ఎంజైములు పుట్టి పిండిపదార్థాన్ని విడగొడతాయి. మొలకగట్టిన రాగులతో కాచిన జావ పలచగా ఉండటానికి కారణం అదే. బార్లీలోనూ జరిగేది ఇంతే. మొలకను బట్టీలో ఎంత వేడికి ఆరబెట్టారన్న దాన్ని బట్టి రకాలు ఏర్పడ్డాయి: తక్కువ వేడికి పిల్స్‌నర్, కాస్త ఎక్కువైతే పేల్ ఏల్, ఆపైన వియన్నా, ఇంకా పైన మ్యూనిక్. వేడి పెరిగిన కొద్దీ రంగూ రుచీ పెరుగుతాయి, ఎంజైములు తగ్గుతాయి. కింద చెప్పే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

(ఒక మాట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం నేరం. బ్రిటన్‌లో 1963 నుంచి, అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం 1979 నుంచి సొంత వాడకానికి అనుమతి ఉంది. అలాంటి చోట్ల గ్యారేజీలో కాచుకునే మన వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.)

లక్షణం: గ్రావిటీ 1.025 దగ్గర ఆగిపోయింది, బీరు బరువుగా, తియ్యగా ఉంది

గ్రావిటీ అంటే నీళ్లతో పోలిస్తే ద్రవం సాంద్రత. ఈస్ట్ చక్కెరను తినేకొద్దీ అది దిగాలి. నేను ఎక్కువగా దెబ్బ తిన్నది ఇక్కడే. ముదురు మ్యూనిక్ వాసనకు మనసు పారేసుకుని బీరంతా దానితోనే కాచాను. నాలుగో వారానికి కూడా గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ కదలలేదు. రెండో ఈస్ట్ ప్యాకెట్ కూడా వేశాను, అది దండగే అయింది. తప్పు ఈస్ట్‌ది కాదు. తినగలిగిన చక్కెరే దానికి సరిపడా అందలేదు.

మాల్ట్‌లోని ఎంజైముల సత్తువను లింట్నర్ డిగ్రీలలో కొలుస్తారు. అమెరికన్ టూ-రో అనే లేత బార్లీ మాల్ట్‌లో అది సుమారు 140 ఉంటే, ముదురు మ్యూనిక్‌లో 30 దగ్గర ఉంటుంది, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. మాష్ మొత్తం సగటు 30–35 కంటే పడిపోతే పిండిపదార్థం పూర్తిగా చక్కెరగా మారడం కష్టం. లెక్క తేలికే. 3 కిలోల ముదురు మ్యూనిక్, అర కిలో క్యారమెల్ మాల్ట్, కిలో ఓట్స్ వేశారనుకోండి. క్యారమెల్‌కూ ఓట్స్‌కూ సొంత ఎంజైములు లేవు. 90ని 4.5తో భాగిస్తే 20. ఇది చాలదు. మ్యూనిక్‌లో సగం తీసి 1.5 కిలోల టూ-రో వేస్తే సగటు 56 దాటుతుంది, మ్యూనిక్ వాసనా చాలావరకు మిగులుతుంది.

మాష్ దశలోనే పట్టుకోవాలంటే ఒక చుక్క ద్రవాన్ని తెల్ల పళ్లెంలో వేసి అయోడిన్ కలపండి. నల్లని నీలం వచ్చిందంటే పిండిపదార్థం ఇంకా మిగిలే ఉంది. రెండు గుప్పెళ్ల టూ-రో పొడి వేసి, 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరో అరగంట ఉంచండి. పరీక్షించిన చుక్కను పారబోయండి, తిరిగి కుండలో వేయవద్దు. సత్తువ సరిపోయినా గ్రావిటీ దిగకపోతే థర్మామీటర్‌ను అనుమానించండి. 70 డిగ్రీలకు చేరితే ఈస్ట్ తినే చక్కెరను తయారుచేసే ఎంజైము, బీటా అమైలేజ్, ఎంతోసేపు నిలవదు.

లక్షణం: ఉడికిన మొక్కజొన్న వాసన

ఇది పిల్స్‌నర్ మాల్ట్ తెచ్చే చిక్కు. తక్కువ వేడికి ఆరబెట్టడం వల్ల అందులో ఎస్‌ఎంఎం అనే పదార్థం మిగిలిపోతుంది. వోర్ట్‌ను (మాష్ నుంచి వడకట్టిన తీపి ద్రవాన్ని) మరిగించినప్పుడు అది డీఎంఎస్‌గా మారుతుంది, ఆ వాసన దానిదే. డీఎంఎస్ ఆవిరితో పోవాల్సింది. కుండపై మూత పెడితే చుక్కలై మళ్లీ లోపలే పడుతుంది.

మరిగే వేడిలో ఎస్‌ఎంఎం సగం కావడానికి దాదాపు 40 నిమిషాలు పడుతుంది. అంటే గంటకు మూడో వంతు పైగా మిగిలే ఉంటుంది, గంటన్నరకు ఐదో వంతుకు దిగుతుంది. పిల్స్‌నర్ ఎక్కువగా ఉంటే మూత తీసి 90 నిమిషాలు మరిగించి, వెంటనే చల్లార్చండి. అంత ఓపిక లేకపోతే పిల్స్‌నర్‌లో సగానికి బదులు పేల్ ఏల్ మాల్ట్ వాడండి. రంగు కాస్త ముదురుతుంది, అంతే.

లక్షణం: నోట్లో వగరు, పొట్టు నమిలినట్టు

లేత రంగు మాల్ట్‌కు క్షారత ఎక్కువున్న నీళ్లు తోడైతే మాష్ పీహెచ్ 5.8 దాటిపోతుంది. ఉండాల్సింది 5.2–5.6 మధ్య. మ్యూనిక్‌కు కాస్త ఆమ్ల గుణం ఉంది, అది 10–20 శాతం కలిస్తే పీహెచ్ కొద్దిగా దిగుతుంది. ఎక్కువ దిగాలంటే లాక్టిక్ ఆసిడ్‌ను చుక్కల లెక్కన వేసి కొలుచుకోవాలి. గింజలను కడిగే నీళ్లు 77 డిగ్రీలు దాటకూడదు.

లక్షణం: మాష్ గడ్డకట్టి వోర్ట్ దిగడం లేదు

గోధుమ మాల్ట్‌కు, రై మాల్ట్‌కు పొట్టు ఉండదు, వడపోతకు ఆధారం ఆ పొట్టే. బరువులో 5–10 శాతం ఊక కలపండి. దాన్ని ముందుగా కడిగి నానబెట్టాలి. ఊక అంటే ఊకే, తవుడు కాదు. తవుడు వేస్తే ఉన్న గడ్డ ఇంకా బిగుస్తుంది.

లక్షణం: అనుకున్న గ్రావిటీ రాలేదు

5 కిలోల మాల్ట్‌తో 20 లీటర్లు కాస్తే, మాల్ట్ నుంచి రాగల చక్కెరలో 75 శాతం రాబడికి 1.056 దగ్గర రావాలి. 1.045 వస్తే ముందు పిప్పిలో నలగని గింజలున్నాయేమో చూడండి. గోధుమ గింజ బార్లీ కంటే చిన్నది. రెంటినీ కలిపి మర రోలర్ల మధ్య ఒకే సందులో మరపడితే గోధుమలు చాలావరకు నలగకుండానే జారిపోతాయి. విడివిడిగా మరపట్టి, ఆ తరువాత కలపండి. మాల్ట్ పాతదేమోనని అనుమానం ఉంటే రెండు గింజలు కొరకండి. కరకరలాడాలి. మెత్తగా సాగితే తేమ పట్టినట్టే.

లక్షణం: తప్పేమీ లేదు, కానీ చప్పగా ఉంది

టూ-రో ఒక్కటే వాడితే ఇలా ఉంటుంది. హాప్స్ ఘాటే ముందు కనపడాల్సిన ఐపీఏ రకం బీరుకు ఆ నెమ్మది మంచిదే, మాల్ట్ రుచి కావాల్సిన బ్రిటిష్ బిట్టర్ రకానికి మాత్రం కాదు. మొత్తం మాల్ట్‌లో 15–20 శాతం మ్యూనిక్‌తోనో, మూడో వంతు వియన్నాతోనో మార్చండి. లేదా 1960లలో కేంబ్రిడ్జ్‌లో పుట్టిన మారిస్ ఆటర్ అనే బార్లీ రకపు మాల్ట్‌కు మారిపోండి. బిస్కెట్ లాంటి దాని రుచి కోసమే ఎక్కువ ధర పెట్టి కొంటారు. దాన్ని మ్యూనిక్, వియన్నా రెండింటితోనూ కలిపేవాళ్లు ఉన్నారు. నాకది మూడు కూరలు ఒకే గిన్నెలో పోసినట్టు అనిపిస్తుంది. ఒకటి ముఖ్యం, ఒకటి తోడు, అంతకు మించి బేస్ మాల్ట్ నేను వాడను.

ఎంత పాళ్లలో కలపాలో తెలియకపోతే 20 లీటర్లు కాచి చూడనక్కరలేదు. ప్రతి రకానికీ 50 గ్రాములు మెత్తగా పొడి చేసి, 65 డిగ్రీల నీళ్లు 400 మిల్లీలీటర్లతో ఫ్లాస్కులో 15 నిమిషాలు ఉంచి, కాఫీ ఫిల్టర్‌లో వడకట్టండి. దిగిన తీపి నీళ్లను గ్లాసుల్లో 80కి 20, 70కి 30 చొప్పున కలిపి రుచి చూడండి. అదే రోజు తాగేయాలి, మర్నాటికి పులుస్తుంది.