వానాకాలంలో గొర్రెలకు చెక్క మేపేవారికి జాగ్రత్తలు

హైదరాబాద్‌లో కట్టెగానుగ దుకాణాలు పెరిగాక, మొయినాబాద్, ఇబ్రహీంపట్నం వైపు గొర్రెలు పెంచేవారికి పల్లి చెక్క, నువ్వుల చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) సులువుగా దొరుకుతున్నాయి. పల్లి చెక్కలో 40 శాతానికి పైగా మాంసకృత్తులు ఉంటాయి కాబట్టి అది మంచి మేతే. అయితే పెద్ద మిల్లుల్లో రసాయనంతో నూనె తీసిన చెక్కలో 1, 2 శాతం నూనె మిగిలితే, గానుగ చెక్కలో 7, 8 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. రోజు మొత్తం మేతలో కొవ్వు 5, 6 శాతం దాటితే నూనె గడ్డి పీచుకు పూతలా పట్టుకుంటుంది, పెద్దపొట్టలో పీచును అరిగించే సూక్ష్మజీవులూ దెబ్బతింటాయి. అప్పుడు గొర్రె గడ్డి ముట్టదు, నెమరు తగ్గుతుంది, విడివిడిగా రాలవలసిన పెంటికలు ముద్దగా అంటుకుని పడతాయి. ఈ గుర్తు కనిపించిన రోజే చెక్క ఆపి, ఎండుగడ్డి మాత్రమే వేయాలి.

అందుకే పెద్ద గొర్రెకు రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాల్లో మెల్లగా 150 గ్రాములకు తీసుకెళ్లాలి. ఖాళీ కడుపున కాకుండా, కొంత గడ్డి తిన్న తరువాతే పెట్టాలి. తొలకరి లేత గడ్డికి తోడు దాణా ఒక్కసారిగా పెంచితే గొర్రెలను హఠాత్తుగా చంపే చిటుకు రోగం ముప్పు ఎక్కువవుతుంది కనుక, ఆ టీకా వానలకు ముందే వేయించాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం బూజు. చెమ్మ తగిలిన పల్లి చెక్కలో పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. కొనేముందు చెక్కను విరిచి చూడండి; లోపల ఆకుపచ్చ చారలున్నా, ముక్కిన వాసన వేసినా వద్దనండి. అయితే పైకి శుభ్రంగా కనిపించే చెక్కలోనూ ఈ విషం ఉండవచ్చు కాబట్టి, రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కొని, బస్తాలను గోడకు దూరంగా చెక్కబల్లలపై ఉంచాలి.

ఎరువుగా అమ్మే ఆముదం చెక్కలో రిసిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. దాన్ని దాణా ఉన్న గదిలోనే పెట్టవద్దు. పత్తి గింజల చెక్కలోని గాసిపాల్ అనే విషపదార్థాన్ని పెద్ద గొర్రెలు కొంతవరకు తట్టుకుంటాయి గాని, నెమరు పూర్తిగా రాని పిల్లలు తట్టుకోలేవు.

కట్టేసి మేపే పొట్టేళ్ల విషయంలో ఇంకొకటి చూడాలి. చెక్కల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ కావడంతో మూత్రనాళంలో రాళ్లు పడవచ్చు. దాణాలో మేతకు వాడే సున్నపురాయి పొడి, ఉప్పు కలిపి, మంచినీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. పొట్టేలు ముక్కుతూ చుక్కచుక్కగా మూత్రం పోస్తుంటే తెల్లవారేదాకా ఆగకుండా పశువైద్యుణ్ణి పిలవాలి.